కోచ్‌కి ఎదురు చెప్పకూడదని నేర్పింది నేనే

జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటున్న మా అమ్మాయి తొమ్మిదేళ్లప్పుడు మణికట్టు నొప్పిని మూడు వారాలు దాచింది. ఒక ఆదివారం చపాతీ పిండి తను కలుపుతానని వచ్చి, పిండి మీద చెయ్యి నొక్కగానే పళ్లు బిగపట్టింది. ఎప్పటి నుంచి అని అడిగితే తల దించుకుని, "కోచ్‌కి చెప్తే ఎదురు చెప్పినట్టు అవుతుందనుకున్నా అమ్మా" అంది. ఆ మాట తనకి జిమ్‌లో ఎవరూ నేర్పలేదు. మొదటి రోజు గుమ్మం దగ్గర షూస్ విప్పుతుంటే నేనే చెప్పాను, "కోచ్ ఏం చెప్తే అది చెయ్యి, ఎదురు మాట్లాడకు" అని. మా నాన్న నన్ను బడిలో చేర్చినప్పుడు చెప్పిన మాటే అది.

మేముండేది ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో. ఐదేళ్లప్పుడు ఇంట్లో సోఫాలన్నీ ఎక్కి దూకుతోందని, వారానికి ఒక గంట క్లాసులో చేర్చాం. ఏడాది తిరక్కుండా కోచ్ నన్ను పక్కకి పిలిచి, పాప ఒళ్లు బాగా వంగుతోంది, భుజాల్లో బలముంది, స్క్వాడ్‌కి, అంటే పోటీలకి తయారు చేసే జట్టుకి, ప్రయత్నిద్దామా అన్నారు. అంత చిన్న మాటతో ఎంత పెద్ద దారి మొదలవుతుందో అప్పుడు నాకు తెలియదు.

బ్రిటన్‌లో ఈ దారి మన దగ్గరలా స్పోర్ట్స్ స్కూల్లోనో హాస్టల్లోనో మొదలవదు, ఊళ్లోని క్లబ్‌లో మొదలవుతుంది. చాలా క్లబ్బులు తల్లిదండ్రుల సాయంతో నడిచేవే. పోటీల రోజున మ్యాట్లు మోసేది, టీ కాచేది మేమే. ఆడపిల్లలకి వాల్ట్ (పరుగెత్తి బల్ల మీంచి దూకడం), బార్స్ (కడ్డీలు), బీమ్ (సన్నటి దూలం), ఫ్లోర్ (నేల మీద విన్యాసాలు) అని నాలుగు విభాగాలు ఉంటాయి, మగపిల్లలకి ఆరు. ఎలైట్, అంటే అగ్రస్థాయి వైపు వెళ్లే పిల్లలు చిన్న వయసు నుంచే నిర్ణీత రొటీన్లతో మెట్టు మెట్టుగా పరీక్షలు దాటాలి. అది దాటితే ఎస్పోయిర్ అనే చిన్నపిల్లల స్థాయి, తర్వాత జూనియర్, ఆ పైన సీనియర్. బాగా రాణించినవాళ్లకి ష్రాప్‌షైర్‌లోని లిల్లెషాల్ జాతీయ కేంద్రంలో క్యాంపులకి పిలుపు వస్తుంది. ప్రపంచ స్థాయిలో సీనియర్‌గా దిగాలంటే అమ్మాయికి ఆ ఏడాది పదహారు నిండాలి, అబ్బాయికి పద్దెనిమిది. కామన్వెల్త్ ఆటల్లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ వేరువేరుగా ఆడతాయి, ఒలింపిక్స్‌లో అందరూ కలిసి గ్రేట్ బ్రిటన్. మా బంధువులకి ఇది ఎన్నిసార్లు విడమరిచి చెప్పానో.

గంటలు మాత్రం చూస్తుండగానే పెరిగిపోయాయి. ఏడేళ్లకి వారానికి ఎనిమిది, తొమ్మిదేళ్లకి పదహారు. స్కూల్ నుంచి నేరుగా జిమ్, కార్లోనే పెరుగన్నం, రాత్రి ఎనిమిదిన్నరకి ఇల్లు. శనివారం తెలుగు బడి మానేసింది. నాకు బాగా బాధేసింది అప్పుడే. ఇప్పుడు రోజూ కార్లో నేను తెలుగులోనే మాట్లాడతాను, తనూ తెలుగులోనే జవాబు చెప్పాలి. రానుపోను నలభై నిమిషాలు, అదే మా తెలుగు బడి.

మణికట్టు చూపించుకున్నాక డాక్టర్ ఆరు వారాలు బరువు పడకూడదన్నారు. కోచ్‌కి చెప్పడానికి నేనే వెళ్లాను, ఏమంటారోనని టెన్షన్‌తో. ఆవిడ ముందు నా వైపు కాదు, పాప వైపు తిరిగి, "ఇంకోసారి మొదటి రోజే చెప్పు, చెప్తే నేనేం అనను" అన్నారు.

ఆ రాత్రి కూర్చుని వైట్ రివ్యూ గురించి చదివాను. 2020లో బ్రిటిష్ జిమ్నాస్ట్‌లు కొందరు తాము పడ్డ వేధింపుల గురించి బయటికొచ్చి మాట్లాడాక, యూకే స్పోర్ట్, స్పోర్ట్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ క్రీడా సంస్థలు కలిసి ఆన్ వైట్ అనే న్యాయవాదితో విచారణ చేయించాయి. 2022 జూన్‌లో నివేదిక వచ్చింది. నాలుగు వందల మందికి పైగా తమ అనుభవాలు పంపారు. గాయాలతో సాధన చేయించడం, నీళ్లు తాగనివ్వకపోవడం, బాత్రూమ్‌కి పంపకపోవడం, బరువు తూచి అవమానించడం... ఇన్నేళ్లు ఎందుకు బయటికి రాలేదన్న ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. పిల్లలు చెప్పడానికి భయపడ్డారు. చెప్పినా పెద్దవాళ్లు పట్టించుకోలేదు. గురువు మాట దాటకూడదని మన ఇళ్లలో నేర్పేది గౌరవంతోనే. కానీ తొమ్మిదేళ్ల పిల్లని మూసిన తలుపుల వెనక వారానికి పదహారు గంటలు ఉంచేటప్పుడు ఆ పాఠం ఒక్కటే ఇచ్చి పంపడం తప్పని నాకు ఆ రాత్రి అర్థమైంది.

ఆ నివేదిక తర్వాత నిబంధనలు మారాయి. కోచ్‌లు పిల్లల బరువు తూచకూడదని 2023లో ఇక్కడ ఈ ఆటని నడిపే సంస్థ బ్రిటిష్ జిమ్నాస్టిక్స్ ఆంక్ష పెట్టింది. ప్రతి క్లబ్‌లో పిల్లల క్షేమం చూసే వెల్‌ఫేర్ ఆఫీసర్ ఉంటారు. పిల్లల్ని స్క్వాడ్‌లో వేసే మనవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఫీజు ఎంతని అడిగే ముందు ఆ ఆఫీసర్ ఎవరో అడగండి. పేరు పిల్లకి కూడా తెలియాలి.

మా వైపు మాటలు వేరే రకం. అమ్మమ్మ వీడియో కాల్‌లో చూడగానే "పిల్ల చిక్కిపోయింది, నెయ్యి వెయ్యవే" అంటుంది. ఒక పెళ్లిలో ఒకావిడ పాప లియోటార్డ్‌లో, అంటే కాళ్లు కనబడేలా ఒంటికి అతుక్కుని ఉండే జిమ్నాస్టిక్స్ దుస్తుల్లో, ఉన్న ఫోటో చూసి, ఇంకా ఎన్నాళ్లు ఈ బట్టల్లో అంది. పాప పక్కనే ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ అమ్మాయిలు కాళ్లు పూర్తిగా కప్పే దుస్తుల్లో ఆడారని, ఇక్కడా పైన షార్ట్స్ వేసుకోవచ్చని తనకి చెప్పాను. "నాకిదే బాగుంది" అంది. అక్కడితో ఆ విషయం వదిలేశాను. పిల్ల ఒంటి గురించి తన ఎదుట ఎవరూ మాట్లాడకూడదని మాత్రం ఇంట్లో గట్టిగా చెప్పాను, అమ్మమ్మకి కూడా.

అమ్మమ్మకి అరుణా రెడ్డి గురించి చెప్పాను. మన హైదరాబాద్ అమ్మాయి, 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచింది, వ్యక్తిగత విభాగంలో అలాంటి పతకం తెచ్చిన తొలి భారతీయురాలు. అప్పటి నుంచి అమ్మమ్మ ఫోన్లో నెయ్యి గురించి కాకుండా వాల్ట్ గురించి అడుగుతోంది.

అన్నిటికన్నా కష్టమైన ఏడాది పదో ఏడు. రీడింగ్‌కి మన కుటుంబాలు చాలావరకు వచ్చేదే గ్రామర్ స్కూళ్ల కోసం, అంటే ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకునే ప్రభుత్వ బడుల కోసం. వాటిలో కెండ్రిక్ అనే ఆడపిల్లల స్కూల్లో సీటు అంటే ఇక్కడి మన ఇళ్లలో ఎంసెట్ ర్యాంకు లాంటిది. ట్యూషన్లు రెండేళ్ల ముందే మొదలవుతాయి. సరిగ్గా అదే వయసులో జిమ్‌లో గంటలు ఇరవైకి చేరతాయి. రెండూ చేయిద్దామని మావారు పట్టుబట్టారు. ఒక నెల చేశాం కూడా. ఒక రోజు ట్యూషన్ పేపర్ మీద తల పెట్టి నిద్రపోయింది.

అప్పుడు తననే అడిగాం. జవాబుకి రెండు వారాలు తీసుకుంది. జిమ్ కావాలంది. ఇంటికి దగ్గరున్న మామూలు స్కూల్‌కి వెళ్తోంది, చక్కగానే చదువుకుంటోంది. "కూతుర్ని అలా ఎలా వదిలేశారు" అని అడిగినవాళ్లున్నారు. మేం వదిలేయలేదు. బ్రిటన్ బయట పుట్టిన పిల్ల కాబట్టి, మాకు ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చాక తనకి బ్రిటిష్ పౌరసత్వం తీసుకుని, నీలం రంగు ఇండియన్ పాస్‌పోర్ట్ ఇచ్చేసిన రోజు నేను ఆ ఆఫీసు బయట నిలబడి ఏడ్చాను. జెండా ఏదైనా ఆ పిల్ల మా పిల్లే. తల్లి ఫిలిప్పీన్స్ మనిషి అయిన జేక్ జార్మన్ పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఫ్లోర్‌లో కాంస్యం గెలిచినప్పుడు, మా ఇంట్లో ముగ్గురం లేచి నిలబడ్డాం.

ఇప్పుడు తనకి పన్నెండు. మొన్న శనివారం పై అంతస్తు అద్దం వెనక నుంచి చూస్తున్నాను. వాల్ట్ వరుసలో తన వంతు రాగానే ఆగి, కోచ్ దగ్గరకి నడిచి, మడమ చూపిస్తూ ఏదో చెప్పింది. కోచ్ తల ఊపి బార్స్ వైపు చెయ్యి చూపించారు. పాప గ్రిప్స్, అంటే అరచేతి తోలు పట్టీలు, తీసుకుని అటు వెళ్లి, చేతులకి చాక్ పొడి రాసుకోవడం మొదలుపెట్టింది.