పిన్ని కారం మరకి కట్టిన అయస్కాంతం

గుంటూరు దగ్గర మా పిన్నికి చిన్న కారం మర ఉంది. ఎండాకాలం వస్తే ఏడాది కారం పట్టించుకోడానికి జనం మిరపకాయల సంచులతో వరస కడతారు. మరలో కాయల్ని కొట్టే సుత్తులు, కింది జల్లెడ అరిగేకొద్దీ ఆ అరిగిన ఇనుమంతా కారంలోకే పోతుంది. పోయినేడు ఒకావిడ తన కారంలో అయస్కాంతం తిప్పి, అంటుకున్న నల్ల రజను పొట్లం కట్టి తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది. ఒక్క మాట అనలేదు. ఆ రాత్రే పిన్ని ఫోన్: "నీ చదువు దీనికేమన్నా పనికొస్తుందేమో చూడరా."

ముందు పెద్ద నియోడిమియం (బాగా బలమైన రకం అయస్కాంతం) బిళ్ల ఒకటి కొని, కారం జారే రేకు కింద బిగించాను. మేకుల్ని పట్టింది, సన్నటి రజనుని చాలావరకు వదిలేసింది. పట్టిన కాస్తా బిళ్ల అంచుల వెంటే పేరుకుంది. అది చూశాకే నాకు వెలిగింది. రేణువుని లాగాలంటే అయస్కాంత క్షేత్రం బలంగా ఉంటే చాలదు, దూరంతో గబగబా మారాలి కూడా. బిళ్ల నడిమధ్యలో ఆ మార్పు తక్కువ.

అందుకని ఈసారి 20 మి.మీ. మందం రింగు అయస్కాంతాల్ని ఇత్తడి కడ్డీకి గుచ్చాను, సజాతి ధ్రువాలు ఎదురెదురుగా, మధ్యన 5 మి.మీ. ఇనప బిళ్లలతో. (ఇనప కడ్డీ వాడితే క్షేత్రం లోలోపలే తిరిగిపోతుంది.) వికర్షణకి అవి ఎగిరిపడుతుంటే నట్టు బిగిస్తూ దగ్గరికి చేర్చాలి, వేళ్లు జాగ్రత్త. దారి లేని క్షేత్రమంతా ఇనప బిళ్లల అంచుల్లోంచి బయటికి తన్నుకొస్తుంది.

ధ్రువానికీ ధ్రువానికీ ఎంత దూరం ఉండాలన్న దగ్గరే ఎక్కువ రోజులు ఆగాను. 12.5 మి.మీ. పెడితే కడ్డీ ఒంటిమీద పట్టు గట్టిగానే ఉంటుంది, కానీ 10 మి.మీ. అవతల క్షేత్రం సుమారు 8 శాతానికి పడిపోతుంది. 25 మి.మీ. పెడితే అక్కడ 28 శాతం దాకా మిగులుతుంది. ఇలాంటి కడ్డీల్ని ఒక పెట్టెలో వరసలుగా బిగించాను; కడ్డీల మధ్య సందు 20 మి.మీ., అంటే నడుమ పడే రేణువు 10 మి.మీ. దూరంలో ఉంటుంది. 25కే (20 అయస్కాంతం, 5 ఇనప బిళ్ల) స్థిరపడ్డాను. రెండో వరస కడ్డీలు మొదటి వరస సందుల కిందికి వచ్చేలా పెట్టాను. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది. మర నోటి దగ్గర కారం వేడి కాబట్టి పెట్టెని అక్కడ కాకుండా చల్లారాక పోసే చోట ఉంచాం.

ఒక్కో కడ్డీ పైన 1 మి.మీ. మందం స్టెయిన్‌లెస్ గొట్టం తొడుగు. లోపలి కడ్డీ లాగేస్తే రజను కాగితం మీద రాలుతుంది. పిన్ని రోజూ దాన్ని తూచి రాస్తోంది. బరువు పెరిగిన వారం సుత్తులు మార్పిస్తోంది.

స్టెయిన్‌లెస్ జల్లెడ ముక్క విరిగితే మాత్రం దీనికి సరిగ్గా అంటదు. అందుకే పొద్దున్నే మర వేసేముందు జల్లెడ విప్పి, లైటుకి అడ్డం పెట్టి చూస్తుంది.