కోనసీమలో జోడిపి గొర్రెలు: మేతకి లోటు లేదు, పొడి నేలకే కరువు

"కోనసీమలో గొర్రెలేంటండీ, హాయిగా రెండు గేదెల్ని కట్టుకోక" అని మా వైపు అననివాళ్లు లేరు. వాళ్లనీ తప్పు పట్టలేం, ఎందుకంటే అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరితోటలు, వరిచేలు, కాలువగట్లు తప్ప మందని వదలడానికి బీడంటూ ఎక్కడుంది? ఉన్న కాస్త నేలా రొయ్యల చెరువులకి పోతోంది. గొర్రెలంటే మావాళ్లకి తెలిసింది, కోతలయ్యాక ఎక్కడి నుంచో తోలుకొచ్చి ఎరువు కోసం చేలో మంద కట్టి వెళ్లిపోయేవే.

నేను పెంచేవి నెల్లూరు జోడిపి. ఒళ్లు తెలుపు, కళ్ల చుట్టూ, మూతి దగ్గర, కాళ్ల మీద నల్ల మచ్చలు. ఇదే జాతిలో పూర్తి తెల్లవాటిని పల్ల అంటారు, ఎర్ర గోధుమ రంగువాటిని దొర అంటారు. మన దేశం గొర్రెల్లో పొడుగైన జాతి ఇదే. ఒంటి మీద ఉన్ని కాకుండా పొట్టి వెంట్రుకే కాబట్టి కత్తిరించే పని లేదు, మా ఉక్కపోతకి అది పెద్ద సుఖం. కానీ సంతలో జోడిపి పేరుతో అమ్మేవాటిలో కలగలుపు బోలెడు. నేనైతే ముందు మొహం మచ్చలు, వేలాడే చెవులు చూస్తాను, తర్వాత వయసు తేల్చుకోవడానికి నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాను, వీలైతే తల్లిని కూడా చూపించమంటాను. తల్లిని చూపించడానికి నసిగేవాడి దగ్గర బేరం ఆడను.

ఇక్కడ అసలు గొడవంతా నీళ్లతోనే. మెట్ట నేలల్లో తిరిగిన జాతిని తెచ్చి తడిలో పెట్టాం కదా. ఏ కాలువగట్టు చూసినా నత్తలే, కార్జపు జలగ (కాలేయంలో చేరే పురుగు) పిల్లలు ఆ నత్తల్లో పెరిగి బయటికొచ్చి ఒడ్డు గడ్డికి అతుక్కుంటాయి, ఆ గడ్డి తిన్న గొర్రె కార్జాన్ని తొలిచేస్తాయి. మంద కట్టడానికి వచ్చిన ఒక పెద్దాయన నాకు చెప్పిన మొదటి మాట, "మంచు ఆరకుండా గట్టు మీదకి తోలకండి బాబూ, కార్జం పాడైపోద్ది." అప్పట్నుంచి ఎండెక్కాకే దొడ్డి తలుపు తీస్తున్నాను. దవడ కింద మెత్తగా నీరు దిగిందేమో తడిమి చూస్తాను, కింది కనురెప్ప లాగి చూస్తాను. లోపల ఎర్రగా ఉంటే పర్వాలేదు, పాలిపోయి ఉంటే రక్తం తగ్గినట్టే. అది జలగలా, కడుపులో పురుగులా అన్నది పెంటికలు పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తేనే తేలుతుంది. అన్ని నట్టల (పురుగుల) మందులూ జలగల మీద పనిచేయవు, చాలామంది డబ్బులు తగలేసేది ఇక్కడే.

వానాకాలంలో ఇంకో టెన్షన్ గిట్టలు. నేల తడిగా ఉంటే వేళ్ల మధ్య చర్మం నాని, పుండై, కుంటుతాయి. మైలుతుత్తం కలిపిన నీళ్లలో నడిపిస్తాం, కానీ ఆ నీళ్లు తాగనివ్వకూడదు. మైలుతుత్తంలో ఉండేది రాగి, అది గొర్రెకి పడదు, గేదెలకి వాడే మినరల్ మిక్స్చర్ కూడా అందుకే వీటికి పెట్టకూడదు. నేను మాత్రం ఖర్చుకి వెనకాడకుండా తాటి దూలాల మీద చెక్కబద్దలు పరిచి దొడ్డిని నేల నుంచి పైకి లేపాను. పెంటికలు సందుల్లోంచి కిందికి రాలిపోతాయి, వాటిని పోగుచేసి కొబ్బరిచెట్ల మొదళ్లలో వేస్తున్నాం. ఇప్పుడా ఎరువు కోసం పక్క తోటవాళ్లు ముందే చెప్పి పెట్టుకుంటున్నారు, గేదెల సలహా ఇచ్చింది కూడా వాళ్లే లెండి.

టీకాల సంగతి పశువుల డాక్టరు చెప్పినట్టు చేయడమే. తొలకరికి ముందు చిటుక రోగం టీకా మాత్రం వాయిదా వేయొద్దు, లేత చిగురు ఆబగా మేసిన జీవం సాయంత్రానికి ఉంటుందో లేదో చెప్పలేం.

డబ్బు దగ్గర నిజం చెప్పాలంటే నిదానం. చూడి ఐదు నెలలు, అంత మోసి ఈనేది ఎక్కువగా ఒక్క పిల్లనే, కవలలు అరుదు. అయినా ఈనిన పూట చూడాలి ఆ సందడి! తల్లి గొంతులోనే గుర్రుగుర్రుమంటూ నాకుతుంటే, పిల్ల తడబడుతూ లేచి పొదుగు వెతుక్కుంటుంది. పాలు అందగానే తోక టపటపా ఊపేస్తుంది. తల్లి వెనక్కి తిరిగి ఆ తోక కింద వాసన చూసి, తన పిల్లే అని తేల్చుకున్నాకే కదలకుండా నిలబడుతుంది. వేరే పిల్ల వస్తే తల అడ్డం పెట్టి నెట్టేస్తుంది, మొహమాటం లేదు.

దాళ్వా (రెండో పంట వరి) కోతలై కాలువలకి నీళ్లు ఆపేశాక నేల పొడిబారుతుంది, మా మందకి అదే మంచికాలం. కాకపోతే కోత మెషీన్ రాల్చిన ధాన్యం ఉందే, దానితో జాగ్రత్త. వడ్లు ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపులో పులిసి, ఉబ్బి, పడిపోతాయి. అందుకే పొద్దున్నే ఎండుగడ్డి కడుపునిండా వేసి, అప్పుడు చేలోకి వదులుతాం. మొదటి రెండ్రోజులు గంటసేపే, తర్వాత మెల్లగా పెంచుతాం. తడి ఉండే తూముల వైపు, ధాన్యం మిగిలే కళ్లాల వైపు మాత్రం పోనివ్వకుండా ఎవరో ఒకరు కర్ర పట్టుకుని నిలబడాల్సిందే.