నువ్వేం కదిపావు?

షార్జాలో నాకది మూడో ఏడాది. రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా షిఫ్టు. జూలైలో హ్యాంగర్ తలుపులు తీసినా ఉక్కే, మూసినా ఉక్కే. మా ఊళ్లో మాత్రం నేను ఏసీలో కూర్చుని విమానాలు బాగుచేస్తున్నాననుకుంటారు.

ఆ రాత్రి ఒక బోయింగ్ 737 విమానానికి వెనక తలుపు సీలు మార్చాం. తర్వాత లీక్ చెక్. తలుపులన్నీ మూసి, క్యాబిన్‌లో గాలి నింపి, ఒత్తిడి ఎంతసేపట్లో ఎంత పడిపోతుందో గడియారం పట్టుకుని చూడాలి. చెవులు దిబ్బళ్లు పడతాయి. గాలిని బయటికి వదిలే వాల్వ్ మన చేతిలో ఉండాలి కాబట్టి కాక్‌పిట్‌లో ప్రెజరైజేషన్ సెలెక్టర్ అనే స్విచ్చుని, లోపలి గాలి ఒత్తిడిని విమానమే చూసుకునే ఆటో నుంచి, మనం చూసుకోవాల్సిన మాన్యువల్‌కి తిప్పుతాం.

మూడున్నరకి చెక్ పాసయింది. చేయాల్సిన పనులన్నీ వరసగా రాసుండే టాస్క్ కార్డు పట్టుకుని మా సీనియర్ ఇంజనీర్ దగ్గరికి పరుగెత్తాను. మలయాళీ, మా అందరికీ చేట్టన్, అంటే అన్న.

"అయింది చేట్టా, లీకు లేదు."

"సరే మోనే. చెక్ కోసం నువ్వేం కదిపావు?"

ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చి సెలెక్టర్ దగ్గర ఆగిపోయాను. పైకెక్కి చూస్తే మాన్యువల్ మీదే ఉంది, పచ్చ లైటు వెలుగుతూ. తిరిగి ఆటోలో పెట్టాలన్న లైను కార్డులో ఉంది. దాని పక్కన నా సంతకమూ ఉంది.

చేట్టన్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టీ పోసి, హీలియోస్ 522 అనే విమానం గురించి చెప్పాడు. 2005 ఆగస్టు 14, సైప్రస్‌లోని లార్నకా. తెల్లవారుజామున ఇలాగే తలుపు ఫిర్యాదు, ఇలాగే లీక్ చెక్. సెలెక్టర్ మాన్యువల్‌లోనే ఉండిపోయింది. పైలట్లూ గమనించలేదు. పైకెళ్లాక హారన్ మోగితే, నేల మీద మోగాల్సిన మరో హెచ్చరిక అనుకున్నారు. రెండింటికీ శబ్దం ఒకటే మరి. గాలి పలచబడి స్పృహ తప్పారు. ఆటోపైలట్ విమానాన్ని ఏథెన్స్ దాకా తీసుకెళ్లి, ఇంధనం అయిపోయే వరకూ తిప్పింది. 121 మంది పోయారు.

రిపేరు సరిగ్గా రాకపోతే టెస్టులో దొరుకుతుంది. టెస్టు కోసం కదిపి అలాగే వదిలేసింది ఎక్కడ దొరుకుతుంది? అప్పటిదాకా నాకీ ప్రశ్నే తట్టలేదు.

ఆ రాత్రి నుంచి జేబులో ఒక చీటీ పెట్టుకుంటున్నాను. తిప్పిన ప్రతి స్విచ్చీ, అంటించిన ప్రతి టేపూ అందులో రాసి, వెనక్కి పెట్టాకే కొట్టేస్తాను. రూమ్మేట్లు కిరాణా లెక్కలా అని నవ్వుతారు.

ఆ 737 పొద్దున హైదరాబాద్ వెళ్లింది. సెలెక్టర్ నా చేత్తోనే ఆటోలో పెట్టాను, చేట్టన్ కూడా చూశాడు. అయినా క్యాంపు బస్సులో ఫోన్ తీసి విమానం ఎక్కడుందో చూస్తూ కూర్చున్నాను. 35,000 అడుగులు చూపించింది. హీలియోస్ కూడా 34,000 ఎక్కిందిగా! రూముకెళ్లి స్నానం చేసి, శంషాబాద్‌లో దిగిందని కనబడేదాకా పడుకోలేదు.