తమ్ముడి డాలర్లు, సిస్టర్ల సాయంకాల ప్రార్థన

అమ్మ సంవత్సరీకానికి చర్చిలో పూజ చెప్పిస్తే సరిపోదు, ఆమె పేరు మీద ఏదైనా చేయాలని డల్లాస్ నుంచి మా తమ్ముడు పట్టుబట్టాడు. మా గుంటూరు జిల్లాలోనే, ఎవరూ లేని ముసలమ్మల్ని చూసుకునే క్యాథలిక్ సిస్టర్ల చిన్న కాన్వెంట్ (మఠం) ఒకటుంది. అమ్మ బతికున్న రోజుల్లో ఏటా ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలంలో అక్కడికి బియ్యం పంపేది. కాబట్టి ఎవరికివ్వాలి అన్న చర్చే రాలేదు. చిక్కంతా ఎలా ఇవ్వాలన్న దగ్గర వచ్చింది.

"నీ అకౌంట్లో వేస్తానక్కా, డ్రా చేసి సిస్టర్ల చేతిలో పెట్టెయ్" అన్నాడు వాడు. ఆ మాట చెప్పగానే లెక్కలు చూసే సిస్టర్ గారు తల అడ్డంగా ఊపారు. ఎంత పంపుతున్నాడని ఆవిడ అడగలేదు. "మీ తమ్ముడిది ఏ పాస్‌పోర్టమ్మా?" అని అడిగారు.

ఆ ప్రశ్నలోనే ఉంది సంగతంతా. విదేశాల్లో ఉన్నా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నారంటే మాత్రం, విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం లెక్కలో విదేశీయులే. మావాడు అమెరికన్ సిటిజన్ అయి చాలాకాలమైంది. కాబట్టి వాడి డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, దారిలోనే రావాలి. 2020లో చట్టాన్ని సవరించాక, ఏ సంస్థకైనా అలాంటి సొమ్ము ముందు న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. పొన్నూరు వైపు పల్లెలో ముసలమ్మల మంచాలకి పరుపులు కొనాలన్నా డబ్బు ఢిల్లీ చూసి రావాలన్నమాట.

తమ్ముడికి చిరాకొచ్చింది. "హైదరాబాద్‌లో మా ఫ్రెండ్ వాళ్ళ ట్రస్టుకి పర్మిషన్ ఉంది, వాళ్ళకి పంపి సిస్టర్లకి ఇప్పిస్తా" అన్నాడు. అదీ కుదరదు. ఒక సంస్థకి వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి ఇవ్వడం కూడా అదే సవరణతో ఆగిపోయింది. సిస్టర్లు మరీ భయపడుతున్నారని మొదట్లో నాకూ అనిపించింది గానీ, వాళ్ళ భయానికి కారణముంది. మదర్ థెరెసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకే 2021 క్రిస్మస్ నాడు విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ రెన్యువల్ కుదరదని కేంద్రం వాళ్ళు అన్నారు. మళ్ళీ 2022 జనవరిలో ఇచ్చారు. అంత పేరున్న సన్యాసినుల సభకే ఆ టెన్షన్ తప్పలేదు. ఇక వీళ్ళెంత?

చివరికి పాస్‌పోర్టు కాపీ, అడ్రసు, ఈ డబ్బు ఎందుకు ఇస్తున్నాడో రాసిన ఉత్తరం పంపమన్నారు. పంపాడు. ఈ సిస్టర్ల సభ పెద్ద మఠం పేరు మీద రిజిస్ట్రేషన్ ఉంది, ఈ కాన్వెంటూ ఆ సంస్థలోదే గనక డబ్బు అక్కడికి వచ్చి, లెక్క రాసుకుని, ఇక్కడికి చేరింది. రసీదు చూపిస్తే అమెరికాలో ట్యాక్స్ తగ్గుతుందని వాడు ఆశపడ్డాడు. మన దేశపు సంస్థకి నేరుగా ఇస్తే అక్కడ మినహాయింపు రాదు. అదే కావాలనుకుంటే అక్కడే రిజిస్టరైన చారిటీ ద్వారా ఇవ్వాలి.

నా వంతుగా నేనిచ్చింది మాత్రం సులువుగానే అయిపోయింది. చెక్కు ఇచ్చి పాన్ నంబరు రాయించాను. విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు (80జీ అని పిలిచేది) కావాలంటే నగదు రెండు వేలు దాటకూడదు, పాత పన్ను విధానంలో ఉండాలి, సంస్థ ఇచ్చే విరాళం సర్టిఫికెట్ ఉండాలి. బియ్యం బస్తాలకీ డైపర్లకీ ఇది వర్తించదు. అయినా ఇవ్వండి, అక్కడ డైపర్లు ఎన్నున్నా చాలవు. ఇంకో మాట: పండక్కి ఫలానా సిస్టర్ గారికని విడిగా కవరిస్తే అది ఆవిడ దగ్గర ఉండదు. పేదరిక వ్రతం తీసుకున్నవాళ్ళు గనక మఠం లెక్కలోకే వెళ్తుంది. ఆవిడ సొంతానికి వాడుకోలేదని బాధపడొద్దు.

ఈ కాగితాల పని మీద తిరుగుతుండగా కాన్వెంట్ పెద్ద అయిన మదర్ గారు ఒక రోజు ఇంకేం కావాలో తనంతట తనే చెప్పారు. "డబ్బు దేవుడు ఎవరి ద్వారానో పంపుతాడమ్మా. సాయంత్రం మాకు ఒక గంట కావాలి." ఉన్నది కొద్దిమంది సిస్టర్లు. సాయంకాల ప్రార్థనకి, ఆరాధనకి అందరూ కలిసి గుడిలో కూర్చోవాలి. కానీ సరిగ్గా అప్పుడే ఎవరో ఒకమ్మ మంచినీళ్ళంటుంది, ఫోన్ మోగుతుంది, పుట్టినరోజు కేకుతో గేటు దగ్గర ఓ కారు ఆగుతుంది. ఎప్పుడూ ఒకరిద్దరు కీర్తన మధ్యలోనే లేచి పరుగెత్తాల్సిందే. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, వాళ్ళ కోసం జపమాల చెప్పేవాళ్ళం చాలామందిమి ఉన్నాం గానీ, వాళ్ళు నిశ్చింతగా ప్రార్థన చేసుకోవడానికి వార్డులో కూర్చునేవాళ్ళం ఒక్కరం లేం.

ఊరికే వచ్చి కూర్చుంటామంటే ఒప్పుకోలేదు. ఆధార్ కాపీలు, మా విచారణ గురువుల (చర్చి ఫాదర్ గారి) ఉత్తరం తీసుకున్నారు. ఆ తర్వాత నేర్పించారు. పక్షవాతం వచ్చిన ఒకమ్మని పక్కకి తిప్పాలి. చెయ్యి పట్టుకుని లాగకూడదట. ముందు మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఇంకోటి తుంటి మీద పెట్టి, "తిప్పుతున్నానమ్మా" అని చెప్పి, మెల్లగా దొర్లించాలి. తిప్పగానే వీపు, తుంటి, మడమలు చూడాలి. ఎక్కడైనా ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టే, సిస్టర్‌కి చెప్పాలి. గంజి తాగించేటప్పుడు కూర్చోబెట్టే తాగించాలి, ఒక గుటక దిగాకే రెండో స్పూను. మాత్రలు మాత్రం మేం ముట్టుకోకూడదు. ఫోన్ వస్తే పేరు, నంబరు రాసుకోవాలి. "తీసుకురండి, చేర్చుకుంటారు" అని ఎవరికీ మాటివ్వకూడదు.

మొదటివారం మాలో ఒకావిడ వార్డులోనే గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. నడుం నొప్పితో మూలుగుతున్న ముసలమ్మ "ముందు నా దిండు సర్దవే తల్లీ" అంది. సర్దాం. మా పక్కింటి సుల్తానా గారు కూడా వస్తానన్నారు. సిస్టర్లు ఏమంటారోనని నేనే సందేహించాను గానీ వాళ్ళు అడిగింది ఒక్కటే, "బరువు ఎత్తగలరా?" అని. ఇప్పుడు మా అందరికంటే ఆవిడే నేర్పుగా తిప్పుతుంది.

వాట్సాప్ గ్రూపులో వారానికి పేర్లు రాసుకుంటాం. పెళ్ళిళ్ళ సీజన్లో గండి పడుతుంది, అప్పుడు మళ్ళీ ఒక సిస్టర్ ప్రార్థన వదిలి రావాల్సిందే. తమ్ముడు ఈమధ్య వచ్చినప్పుడు ఒక సాయంత్రం కూర్చున్నాడు. ఈసారి ఉత్తరంలో వాషింగ్ మెషీన్ అని రాస్తానన్నాడు, దుప్పట్లు గుట్టగా పడి ఉండటం వాడే చూశాడు. మాకు మాత్రం శుక్రవారాలకి ఇంకా ఇద్దరు కావాలి. తపస్సు కాలంలో సిలువ మార్గం ప్రార్థన కూడా ఉంటుంది గనక ఆ రోజు గంటతో అయిపోదు.