పద్మాక్షి గుట్ట నుంచి ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు: ఇప్పటిదాకా మా ప్రిపరేషన్

దసరా తెల్లారి రైలెక్కాలి. పోయేది నేపాల్ వైపున్న ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు, 5,364 మీటర్ల ఎత్తుకు. మా హనుమకొండ ఎత్తు మూడొందల మీటర్లకు అటూ ఇటూ. ముగ్గురం పోతున్నాం: నేను, మా ఆడబిడ్డ, మా స్కూల్ పీఈటీ సార్. తాళ్ళు, మంచు గొడ్డళ్ళతో పనిలేదు, అంతా కాలిబాటే. శిఖరం ఎక్కేవాళ్ళు డేరాలు వేసుకునే చోటిదాకా నడిచి, చూసి, తిరిగి రావడం.

మా ఏడో తరగతి పిల్లల కళ్ళకు ఇది ఆనడం లేదు. "పైదాకా ఎక్కరా టీచర్?" అని ముఖాలు మాడ్చుకున్నారు. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల మలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, టిబెట్ వైపు నుంచి శిఖరం ఎక్కిందని వాళ్ళకు నేనే పాఠంలో చెప్పాను. ఇప్పుడు నలభై దాటిన టీచరమ్మ కింది క్యాంప్ చూసొస్తానంటే వాళ్ళు చప్పట్లు కొడతారా?

ఎండాకాలం

వరంగల్‌లో ఉండి ఎత్తుకు ప్రాక్టీస్ చేయడం కుదరదు. పైన గాలిలో ఆక్సిజన్ పాలు ఇక్కడున్నట్టే 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. బేస్ క్యాంప్ దగ్గర అది సముద్రమట్టం మీద ఉండే దాంట్లో దాదాపు సగమే కాబట్టి, ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా సగమే. ముక్కూ నోరూ మూసే మాస్కులు పెట్టుకుని పరుగెత్తితే ఎత్తు అలవాటవుతుందని కొందరు అమ్ముతున్నారు. వాటివల్ల ఊపిరి కండరాలకు కాస్త కసరత్తు అవుతుందేమోగానీ గాలి ఒత్తిడి తగ్గదు. ఆ డబ్బు మంచి సాక్సుల మీద పెట్టండి.

ఇక్కడ నేర్చుకోగలిగినవి రెండు: మెల్లగా నడవడం, దిగడం. రెండూ వినడానికి పెద్ద పనుల్లా అనిపించవు.

మెల్లగా నడవడం భద్రకాళి బండ్ మీద మొదలుపెట్టాం, తెల్లవారుజామున ఐదింటికే. ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటితే మన దగ్గర బయట నిలబడలేం. ఒకటే నియమం: మాట తెగకూడదు. పక్కవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నామంటే వేగం ఎక్కువైనట్టే. మా ఆడబిడ్డకు ఇది బాగా కుదిరింది, ఆమె మాటలకు అంతుండదు కాబట్టి. పీఈటీ సార్ వల్ల మాత్రం కావడం లేదు. పది కిలోమీటర్లు అలవోకగా పరుగెత్తే మనిషి, బండ్ చివరికి ముందే చేరి అక్కడ స్ట్రెచింగ్ చేస్తూ మాకోసం చూస్తుంటాడు. ముగ్గురిలో నాకు టెన్షన్ ఆయన గురించే. కొండజబ్బుకు ఫిట్‌నెస్‌తో సంబంధం లేదు. వచ్చేది ఎత్తుకు ఒళ్ళు అలవాటు పడకముందే పైకి పోయేవాళ్ళకు, ఆ తొందర దమ్మున్నవాళ్ళకే ఎక్కువ. "సార్, అక్కడ మెడల్ ఇయ్యరు" అంటే నవ్వుతాడు తప్ప వేగం తగ్గించడు.

వానకాలం: దిగడం

ఎక్కితే ఆయాసం వస్తుంది, నిలబడితే పోతుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది, ఆ నొప్పి మర్నాడు పొద్దున తెలుస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు రోజుల తరబడి దిగుడే. అందుకే పద్మాక్షి గుట్ట, మడికొండ మెట్టుగుట్ట. రెండింటికీ మెట్లున్నాయి, వానలో నున్నటి రాయి కూడా దొరుకుతుంది. వరుసగా శని, ఆదివారాలు చేస్తున్నాం. నిన్నటి నొప్పి కాళ్ళలో ఉండగానే మళ్ళీ దిగడమే అసలు ప్రాక్టీస్.

బరువు కోసం ఐదు కిలోల సోనా మసూరి ప్యాకెట్, రెండు లీటర్ల నీళ్ళు. అక్కడ పెద్ద బ్యాగు పోర్టర్ మోస్తాడు. మన వీపు మీద ఉండేది నీళ్ళు, జాకెట్, రెయిన్‌కోటు, మందులు, తినుబండారాలు, అంటే ఆరేడు కిలోలు. అంతకన్నా ఎక్కువ మోసి ఇక్కడే మోకాళ్ళు అరగదీసుకోవడం దేనికి?

బూట్లు హైదరాబాద్ పోయి కొన్నాం. సాయంత్రం కొనాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మందపాటి సాక్సు వేసుకుని, లేసు కట్టకుండా పాదం ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు పట్టాలి. అంత సందు లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు బూటు ముందు గోడకు కొట్టుకుని నల్లబడుతుంది.

లేసు కట్టడంలో కూడా కిటుకుంది. పై నుంచి రెండో రంధ్రం దాకా మామూలుగా అల్లి, చివరి రంధ్రంలోకి అదే వైపు నుంచి దూర్చితే పక్కన చిన్న ఉచ్చు మిగులుతుంది. రెండువైపులా అలా చేసి, ఇటు లేసు అటు ఉచ్చులోంచి, అటు లేసు ఇటు ఉచ్చులోంచి తీసి, కిందికి గుంజి ముడేయాలి. మడమ కదలదు. మెట్టుగుట్ట మీద ఒక కాలికి ఇలా, ఇంకో కాలికి మామూలుగా కట్టుకుని దిగి చూశాను. తేడా సగం మెట్లలోనే తెలిసిపోయింది. చేతికర్రలు ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడు రెండు మూడు అంగుళాలు పొడవు పెంచితే చాలు.

రక్తపరీక్షలు

డాక్టర్ దగ్గరికి జూన్‌లోనే పోయాం. బీపీ, ఈసీజీ, సీబీపీ, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూసే పరీక్ష). నా హిమోగ్లోబిన్ 10.8. ఇంత కాలం నీరసాన్ని స్కూలు మీదికి, వయసు మీదికి నెట్టేస్తూ వచ్చాను. ఆక్సిజన్ మోసేదే హిమోగ్లోబిన్ కాబట్టి ఆ అంకెతో పైకి పోవడం మంచిది కాదన్నారు. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకోవాలి, దానికి ముందూ వెనకా చాయ్ తాగొద్దు. చాయ్ మానడం గుట్ట ఎక్కడం కన్నా కష్టమైంది. ఐరన్ నిల్వలు నిండడానికి నెలలు పడుతుంది. ముఖ్యంగా ఆడవాళ్ళు ఈ పరీక్ష టికెట్లు కొనకముందే చేయించుకోండి, ప్రయాణం దగ్గరపడ్డాక చేయించుకుని లాభం లేదు.

ఇంకో పరీక్ష గురించి మన ఉత్తర తెలంగాణవాళ్ళకు గట్టిగా చెప్పాలి. పీఈటీ సార్‌ది ఉట్నూరు వైపు గోండు కుటుంబం. ఆదివాసుల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వారసత్వ జబ్బు) ఎక్కువ కాబట్టి డాక్టర్ ఆ పరీక్ష కూడా రాశారు. జబ్బు లేదుగానీ ట్రెయిట్ ఉందని, అంటే అమ్మానాన్నల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చిందని తేలింది. ట్రెయిట్ ఉన్నవాళ్ళు కింద జీవితాంతం ఏ ఇబ్బందీ లేకుండా ఉండొచ్చు. ఎత్తులో ఆక్సిజన్ తగ్గినప్పుడు మాత్రం కొందరికి ప్లీహానికి రక్తం అందక దెబ్బతింటుంది. ఎడమవైపు పక్కటెముకల కింద గట్టిగా నొప్పి వస్తే అజీర్ణమని కూర్చోకుండా వెంటనే దిగాలి. డాక్టర్‌తో మాట్లాడాక ఆయన దారిలో వచ్చే నాంచే ఊరి దాకానే వస్తానన్నాడు, అది 3,440 మీటర్లు. అక్కడ రెండు రాత్రులు ఉండి పోర్టర్‌ను తోడు తీసుకుని దిగిపోతాడు. పది కిలోమీటర్లు పరుగెత్తే మనిషి ఆ మాట ఎంత మామూలుగా అన్నాడో చూసి మాకే మాట రాలేదు. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జూలైలో జాతీయ మిషన్ మొదలైంది. ములుగు, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ వైపు నుంచి ఎవరైనా ట్రెక్కింగ్‌కు పోవాలనుకుంటే ముందు ఇది చూపించుకోండి.

కొండజబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర నాకూ ఆడబిడ్డకూ రాశారు, 125 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకు రెండు. సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే డాక్టర్‌కు చెప్పాలి. కొత్త మందును కొండ మీద మొదటిసారి వేసుకోవడం దేనికని, డాక్టర్‌ను అడిగే, ఒక ఆదివారం ఇంట్లో వేసి చూశాం. వేళ్ళ చివర్లు తిమ్మిరి పట్టాయి, బాత్రూమ్‌కు తిరుగుడు ఎక్కువైంది. సాయంత్రం గోలీసోడా తాగితే చప్పగా, గ్యాసు పోయిన నీళ్ళలా ఉంది. బండివాడితో పోట్లాడబోయిన ఆడబిడ్డను ఆపి, అది మాత్ర పనేనని చెప్పాల్సి వచ్చింది. ఈ మందు వేసుకుంటే సోడాల రుచి పోతుంది.

దారి

వరంగల్‌లో రప్తీసాగర్ ఎక్కితే గోరఖ్‌పూర్. అక్కడి నుంచి సునౌలి సరిహద్దు, తర్వాత కాఠ్మాండుకు బస్సు. మనకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. ఆధార్‌ను నమ్ముకోకండి. మన రూపాయికి 1.6 నేపాలీ రూపాయలు, ఇది మారని లెక్క. సాగర్‌మాథా నేషనల్ పార్కు రుసుము సార్క్ దేశాలవాళ్ళకు 1,500, దాని మీద 13 శాతం పన్నుతో 1,695. మన డబ్బులో వెయ్యీ అరవై. స్థానిక పాలకమండలి రుసుము వేరే ఉంటుంది.

అందరూ నడక మొదలయ్యే లుక్లాకు విమానంలో పోతారు. మేం జీపులో సల్లేరి దాకా పోయి అక్కడి నుంచి నడుస్తాం. డబ్బు మిగులుతుంది, మబ్బు పట్టి విమానాలు ఆగిపోతే ఎదురుచూసే బాధ ఉండదు, అన్నిటికన్నా ముఖ్యంగా విమానం దించినట్టు ఒక్కసారిగా 2,800 మీటర్ల పైన దిగం. చిక్కల్లా దశైం. మన దసరాయే వాళ్ళకు అతిపెద్ద పండగ, పున్నమి దాకా సాగుతుంది. ఆ రోజుల్లో బస్సులు, జీపులు తక్కువ, జనం ఎక్కువ. సల్లేరి జీపు సీట్లు ముందే మాట్లాడుకుంటున్నాం.

మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు ఐదొందల మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒకే చోట ఆగాలి. నాంచేలో రెండు రాత్రులు, తెంగ్‌బోచే 3,867, దింగ్‌బోచే 4,410లో రెండు రాత్రులు (ఇక్కడికి చేరే రోజు ఆ లెక్క కాస్త దాటుతుంది). మామూలు ప్లాన్‌లో తర్వాత నేరుగా లోబుచే, 4,940. మేం మధ్యలో తుక్లాలో ఒక రాత్రి కలిపాం. తర్వాత గోరక్‌షెప్, బేస్ క్యాంప్. బేస్ క్యాంప్ నుంచి ఎవరెస్ట్ శిఖరం కనపడదు, ముందున్న కొండలు అడ్డం. ఫొటోల్లో చూసే నల్లటి శిఖరం కోసం పక్కనున్న కాలాపత్థర్ ఎక్కాలి. దింగ్‌బోచే దగ్గర్లోనే ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ సీజన్‌లో తెరిచి ఉంటుంది. తలనొప్పి మాత్రకు తగ్గకపోయినా, నడక తూలినా ఇంకో రాత్రి చూద్దామనేది లేదు, దిగడమే. ఈ మాట ముగ్గురం ఇక్కడే ఒప్పుకున్నాం. పైకి పోయాక ఆ బుర్ర ఉండదు.

తిండి, పండగ

పైన పప్పూ అన్నం దొరుకుతుంది, ఆకలే చచ్చిపోతుంది. అందుకని కారం, పులుపు పట్టుకుపోతున్నాం: నువ్వుల పొడి, కరివేపాకు పొడి, చింతకాయ తొక్కు. తొక్కు సీసాలో కాదు, రెండు పొరల జిప్ కవర్లలో. పల్లీపట్టీలు చలికి గట్టిపడి పళ్ళకు లొంగవు, నువ్వుల ముద్దలు నయం. ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టి కొరికి చూసి చెబుతున్నా. సకినాలు బ్యాగులో పిండైపోతాయి.

మా అత్తమ్మకు ఈ ప్రయాణం మీద ఒక్కటే అభ్యంతరం ఉండేది. "సద్దుల బతుకమ్మ నాడు ఇంట్ల లేకుంటే ఊకోను బిడ్డా" అంది. అందుకే దసరా దాటాక బయల్దేరుతున్నాం. పద్మాక్షి గుట్ట కింద బతుకమ్మ ఆడి, గుండంలో వేసి, మలీద ముద్దలు (రొట్టె, బెల్లం కలిపి చేసే బతుకమ్మ ప్రసాదం) కట్టుకుని పోవాలన్నది ఆమె ఆర్డర్. బ్యాగులో ఇంకో కిలో. దీపావళి ఎలాగూ నేపాల్‌లోనే.

మిగిలినవి

ప్రభుత్వ ఉద్యోగులు విదేశానికి పోవాలంటే శాఖ అనుమతి ఉండాలి, నేపాలైనా అంతే. ఫైలు కదిలింది. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఆరు వేల మీటర్ల దాకా ట్రెక్కింగ్, హెలికాప్టర్ తరలింపు రెండూ రాసి ఉన్నాయో లేదో చూడాలి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి ఎత్తు పరిమితి ఉంటుంది. స్లీపింగ్ బ్యాగు, డౌన్ జాకెట్ కొనడం లేదు, కాఠ్మాండు థమేల్‌లో అద్దెకు దొరుకుతాయి.

వచ్చే ఆదివారం మెట్టుగుట్టే. పొద్దున ఐదున్నరకు మడికొండ స్టేజీ దగ్గర ఉంటాం, రావాలనుకునేవాళ్ళు రండి. పాత బూట్లయినా పర్లేదు, గోళ్ళు మాత్రం కత్తిరించుకుని రండి.