పాలిచ్చే తల్లికి గది అడుగుదాం, బెంచీ మాత్రం వదలొద్దు

బస్టాండులో పాలిచ్చే గది కావాలని రాసే అర్జీల్లో ఒక వాక్యం తరచూ కనబడుతుంది: ‘తల్లులు నలుగురిలో బిడ్డకు పాలివ్వలేక సిగ్గుతో ఇబ్బంది పడుతున్నారు.’ అర్జీ రాసేవాళ్లు ముందు ఈ వాక్యం కొట్టేయాలి. మంచి మనసుతోనే రాస్తారు గానీ, నలుగురిలో పాలివ్వడం సిగ్గుపడాల్సిన పనేనని మన చేత్తో మనమే రాసిచ్చినట్టవుతుంది. రేపు గది కట్టాక, ప్లాట్‌ఫారం మీద పాలిస్తున్న తల్లిని చూసి ఎవడో ఒకడు ‘గంత మంచిగ గది కట్టించిన్రు గద, గాడ కూసోరాదమ్మా’ అంటాడు. అప్పటిదాకా లేని నిషేధం ఆ గదితోనే పుడుతుంది.

దాని బదులు ఇట్లా రాయండి: ‘తల్లి తన బిడ్డకు ఎక్కడైనా పాలివ్వొచ్చు. చాటు కావాలనుకున్న తల్లికి నీడన కూర్చునే చోటు, చేతులు కడుక్కునే నీళ్లు, తలుపున్న గది ఈ బస్టాండులో లేవు. కల్పించండి.’ పాలివ్వడం హక్కు, గది సౌకర్యం. రెండూ ఒకే వాక్యంలో కలిపేస్తే హక్కు మాయమై గది ఒక్కటే మిగులుతుంది.

‘బయట ఇట్ల పాలిస్తే కేసైతది’ అని బెదిరించేవాళ్లూ ఉంటారు. ఏ కేసూ కాదు. భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ బహిరంగంగా అశ్లీలపు పని చేసి ఇతరులను ఇబ్బంది పెట్టడం గురించి. బిడ్డ ఆకలి తీర్చడం అశ్లీలం కాదు. పాలివ్వడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద తల్లికున్న హక్కు అని 2021లో కర్ణాటక హైకోర్టు చెప్పింది. 2025 ఫిబ్రవరి 19న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ప్రసన్న వరాలేల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇంకో అడుగు ముందుకేసింది. బహిరంగ స్థలాల్లో పాలిచ్చే గదుల గురించి కేంద్రం 2024 ఫిబ్రవరి 27న రాష్ట్రాలకు రాసిన లేఖను అమలు చేయాలనీ, ఉన్న భవనాల్లో వీలైనంత మేర, కొత్తగా కట్టేవాటిలో ముందే స్థలం కేటాయించి ఏర్పాటు చేయాలనీ అన్నది. ఈ తీర్పును గదుల కోసమే వాడుతుంటారు. అందులోనే, స్త్రీల గౌరవాన్ని తగ్గించే అలవాట్లను వదులుకోవడం రాజ్యాంగంలోని 51ఎ(ఇ) కింద పౌరుల విధి అని గుర్తుచేస్తూ, బయటా పనిచోటా పాలివ్వడాన్ని తప్పుగా చూడొద్దని కూడా ఉంది. అర్జీలో తేదీతో సహా రాయాల్సింది ఈ రెండో భాగం.

అసలు మన దిక్కు సిగ్గు ఎప్పటి సంగతి? నాట్లేసే చోట గట్టు మీద, అరుగు మీద, అంగడిలో కూరగాయల గంప పక్కన కూర్చుని పాలిచ్చిన తరం ఇంకా ఇళ్లలోనే ఉంది. ముసలమ్మలు కొంగు కప్పమనేది ఎక్కువగా దిష్టికి భయపడి. ఇప్పటి కోడళ్ల భయం వేరే: ఎదురుగా కూర్చున్నవాడి చేతిలోని ఫోన్. అది కెమెరా తెరిచి ఉందో, రీల్స్ చూస్తున్నాడో తెలియదు. అందుకే ప్రచారం తల్లిని ‘ధైర్యంగా ఉండు’ అనడం దగ్గర ఆగితే లాభం లేదు, ఫోన్ పట్టుకున్నవాడి దాకా పోవాలి. ఎవరూ చూడరన్న నమ్మకంతో గదిలో పాలిస్తున్న తల్లిని దొంగచాటుగా చూసినా, తీసినా న్యాయ సంహిత 77వ సెక్షన్. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. బెంచీ మీద ఉన్నామెను అవమానించాలని మాటో సైగో విసిరితే 79వ సెక్షన్. ఈ రెండు అంకెలూ ప్లాట్‌ఫారం స్తంభానికి పెద్దక్షరాల్లో అంటిస్తే, పది ఉపన్యాసాలకన్నా బాగా పనిచేస్తాయి.

బిడ్డకు ఒక పూట పాలు ఆలస్యమైతే ఏమవుతుందిలే అనుకోవద్దు. పసిబిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. అచ్చంపేట నుంచి గానీ దేవరకొండ నుంచి గానీ హైదరాబాదుకు బయల్దేరిన తల్లి, బస్సు కోసం చూసే సేపుతో కలిపి, దారిలో కనీసం ఒకటి రెండుసార్లు పాలివ్వాల్సిందే. పాలు దిగడానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ కావాలి. ఎవరో గుడ్లురిమి చూస్తుంటే, గదమాయిస్తే ఆ హార్మోన్ వెనక్కి తగ్గుతుంది. రొమ్ములో పాలున్నా రావు. బిడ్డ చీకి చీకి ఏడుస్తుంది, చుట్టూ ఉన్నవాళ్లు ‘తల్లికి పాలు లేవు’ అని తీర్పిచ్చేస్తారు. ఇయ్యకుండా ఆపుకుంటే రొమ్ములు గడ్డకట్టి సలుపుతాయి, కొందరికి జ్వరమొస్తుంది. పాలు బయటికి పోయిన కొద్దీ ఊరుతాయి, నిలిచిన కొద్దీ ఊరడం తగ్గుతుంది. అందుకే బస్టాండు కోసమని కొన్న పాలసీసా బస్టాండులోనే ఉండిపోదు, ఇంటికొస్తుంది.

ఆ సీసా నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు ఇళ్లకు వస్తే ఇంకో ఆపద ఉంది. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా ఆమె పాలలోకి దిగేది చాలా తక్కువ. అదే డబ్బాపాలను ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లతో కలిపితే, నీళ్లలో ఉన్నదంతా బిడ్డ కడుపులోకే. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని హద్దు పెట్టారు. పసిబిడ్డకు ఆహారమంతా ఆ నీళ్లతోనే. కాచి ఇస్తున్నాం కదా అంటారు. కాస్తే పురుగులు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. నల్లగొండలో ఈ ప్రచారం చేసేవాళ్లు ఈ మాట మొదట చెప్పాలి. ఫ్లోరైడ్‌తో నడుము వంగిన ముసలివాళ్లను చూసిన ఊళ్లలో దీన్ని వివరించాల్సిన పని కూడా ఉండదు.

ఇక గది. గది పాడవడానికి కారణాలు దాదాపు అన్నిచోట్లా అవే. మొదటిది తాళం. తాళంచెవి కంట్రోలర్ దగ్గర ఉంటుంది, ఆయన భోజనానికి పోతాడు, ఏడుస్తున్న బిడ్డతో తల్లి వెతుక్కుంటూ తిరగాలి. బయటి తాళమే వద్దు, లోపలి గొళ్లెం చాలు. రెండోది రేకు క్యాబిన్. చూడ్డానికి అందంగా ఉందని దాతలు ఎండలో ఏసీపీ షీటు (అల్యూమినియం పలకల) డబ్బా ఒకటి నిలబెట్టి రిబ్బన్ కత్తిరిస్తారు; మే నెలలో మధ్యాహ్నం రెండింటికి అది రొట్టెలు కాల్చే పొయ్యి. ఇప్పటికే ఉన్న స్లాబు కింద ఒక మూల అడగండి. మూడోది మరుగుదొడ్ల పక్కన కట్టడం, అదీ మగవాళ్ల వైపు. నాలుగోది దూరం: బస్సుల అనౌన్స్‌మెంటు వినబడని చోట గది ఉంటే బస్సు పోతుందన్న భయంతో ఏ తల్లీ లోపలికి పోదు. ఊడ్చే బాధ్యత ఎవరిదో రాయకపోవడం ఐదోది, నెల తిరక్కుండా చీపుర్లు, విరిగిన కుర్చీలు అందులోకే చేరతాయి.

ముగ్గురు తల్లులకు 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవున్న గది సరిపోతుంది. చేతులు, వీపు ఆనించుకునే కుర్చీలు కావాలి, సిమెంటు దిమ్మెలు కాదు. ఆపరేషన్ అయిన తల్లి వీపు ఆన్చకుండా పావుగంట బిడ్డను ఎత్తుకుని కూర్చోలేదు. కుర్చీ ఎత్తు 16 అంగుళాలు దాటొద్దు, పాదాలు నేలకు ఆనాలి. కాళ్లు వేలాడితే బిడ్డ ఒడిలోంచి జారుతుంటుంది, చనుమొన సరిగా అందదు, అక్కణ్నుంచే పగుళ్లు మొదలు. కుర్చీకీ కుర్చీకీ మధ్య తెర. కిటికీలు 7 అడుగుల పైన, ఒక సీలింగ్ ఫ్యాన్, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్. నల్లా, సబ్బు, తాగే నీళ్లు, మూతున్న చెత్తడబ్బా, బిడ్డకు గుడ్డలు మార్చడానికి నడుమెత్తులో 3 అడుగుల బల్ల. లోపల సీసీ కెమెరా ఉండొద్దు, బయట తలుపు వైపు ఒకటి ఉండాలి. బోర్డు తెలుగులో, ఉర్దూలో, చదువు రానివాళ్లకు బొమ్మతో.

దాత దొరకడం కష్టమేమీ కాదు. కానీ డబ్బాపాలో, పాలసీసాలో అమ్మే కంపెనీ ‘మేం కట్టిస్తాం, మా బోర్డు పెట్టండి’ అంటే ఒప్పుకోవద్దు. రెండేళ్లలోపు పిల్లల పాలపొడి, సీసాలు, ఆహారానికి ప్రకటనలు 1992 చట్టం, 2003 సవరణ ప్రకారం నిషేధం. పాలిచ్చే గది గోడ మీద డబ్బాపాల బొమ్మ కన్నా పెద్ద వెటకారం ఏముంటుంది?

గది తెరిచిన తర్వాత నెలకోసారి, మిట్టమధ్యాహ్నం, ఎవరో ఒకరు లోపలికి పోయి తలుపేసుకుని పావుగంట కూర్చోవాలి. ఫొటోల్లో కనబడనివన్నీ అప్పుడు తెలుస్తాయి.

అర్జీకి ముందు లెక్క తీయండి. ఒక సోమవారం, ఒక అంగడి రోజు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. నోటుబుక్కులో నాలుగు గీతలు: సమయం, చంకలో రెండేళ్లలోపు బిడ్డ ఉన్న తల్లి, పాలు ఎక్కడిచ్చింది (బెంచీ, నేల, ఆగిన బస్సు లోపల, గోడ చాటు, మరుగుదొడ్డి), సీసా పట్టిందా. పేర్లు అడగొద్దు, ఫొటోలు అసలే వద్దు. ఫోన్ల మీద పోరాడేవాళ్లు ఫోన్ ఎత్తితే ఇక మాట్లాడేదేముంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఆడవాళ్ల రద్దీ ఎంత పెరిగిందో డిపో మేనేజర్‌కు మనం చెప్పనక్కర్లేదు. కానీ అందులో చంటిబిడ్డల తల్లులు ఎందరో ఆయన రికార్డుల్లో ఉండదు. ఆ అంకె మన దగ్గర ఉంటే మాట వేరేగా ఉంటుంది.

లెక్క ఒక పేజీ, అర్జీ ఒక పేజీ. ఒక ప్రతి డిపో మేనేజర్‌కు, ఒకటి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు. రసీదు తీసుకోకుండా కదలొద్దు. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు. ‘గది ఎందుకు లేదు’ అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది సమాచారం కాదు, ప్రశ్న. ఇట్లా అడగాలి: ఫలానా తేదీ అర్జీపై తీసుకున్న చర్యల ఫైలు నకలు, ఈ బస్టాండులో పాలిచ్చే గదికి మంజూరైన, ఖర్చైన మొత్తం, దాన్ని శుభ్రం చేసే బాధ్యత అప్పగించిన ఉత్తర్వు నకలు. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు.

దీనికి సమాంతరంగా బట్టల షాపులు, హోటళ్లు, మెడికల్ షాపులు తిరగండి. ‘ఇక్కడ బిడ్డకు పాలివ్వొచ్చు’ అన్న స్టిక్కర్ తలుపు దగ్గర, కళ్ల ఎత్తులో. స్టిక్కర్‌కు షాపు యజమాని ఒప్పుకుంటే అయిపోదు, కౌంటర్ మీదున్న పిల్లగాడికి తెలియకపోతే వాడే ‘అమ్మా, లోపల్కి రాండ్రి’ అంటాడు. ఆ పిల్లగాడికి నేర్పాల్సింది రెండే: ఆమె అడగనిదే చోటు మార్చమనొద్దు, ఒక గ్లాసు నీళ్లు పెట్టాలి. ఎవరైనా ఆమెను గదమాయిస్తే ఏం చేయాలన్నది కూడా చెప్పాలి. గొడవకు దిగితే చూసేవాళ్లు ఇంకా పోగవుతారు, ఆమె లేచి వెళ్లిపోతుంది. పక్కనున్న ఆడమనిషి ఎవరైనా ఆమె దగ్గర కూర్చుని ‘నీళ్లు తాగుతవా బిడ్డా’ అని పలకరిస్తే సగం సద్దుమణుగుతుంది. గదమాయించినవాణ్ని పక్కకు పిలిచి మాట్లాడేది ఇంకొకరు.

పోస్టర్ మీద గౌను వేసుకున్న తెల్లటి విదేశీ తల్లి బొమ్మ పెట్టొద్దు, దయచేసి. పల్లెవెలుగు బస్సు సీటు, నూలు చీర, బుర్ఖాలో ఉన్న ఇంకో తల్లి, ఇవి గీయించండి. మహబూబ్‌నగర్, నల్లగొండ రెండు పట్టణాల్లోనూ బుర్ఖా తల్లులను వదిలేస్తే ఊళ్లో పెద్ద భాగాన్ని వదిలేసినట్టే. ముందు జిప్పున్న బుర్ఖా వాళ్లకు చాలా వీలు. మాట కూడా మన మాటే ఉండాలి: ‘బిడ్డ ఏడిస్తె తల్లి పాలిస్తది. గంతే.’ వెనక వైపు పనికొచ్చే ముక్కలు అచ్చేయించండి. రవిక పైనుంచి కాక కింది రెండు హుక్కులు తీస్తే పైభాగం దానంతటదే కప్పి ఉంటుంది. బస్సులో కిటికీ సీటు, బిడ్డ తల కిటికీ వైపు, బ్రేకు పడితే దెబ్బ తగలకుండా తల వెనక అరచేయి. పాలిస్టరు కొంగు బిడ్డ ముఖం మీద కప్పొద్దు. 42 డిగ్రీల ఎండలో లోపల ఉక్కకు బిడ్డ రొమ్ము వదిలేసి ఏడుస్తుంది, ఆ ఏడుపుకే అందరూ తిరిగి చూస్తారు. ఆరు నెలల దాకా ఎంత ఎండైనా విడిగా నీళ్లు పట్టక్కర్లేదు, తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. నీళ్లు తాగాల్సింది తల్లి.

కురుమూర్తి జాతరకు, రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టుకు గది కట్టలేం. నాలుగు వైపులా గుడ్డ కట్టిన 10 అడుగుల షామియానా, నాలుగు కుర్చీలు, ఒక నీళ్ల డ్రమ్ము చాలు. అది కూడా మైకు పెట్టెలకు దూరంగా.

చేలల్లో కూలి పనుల దగ్గర మాత్రం గదుల మాట ఎత్తడం అనవసరం. చట్టం ప్రకారం బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు విరామాలు తల్లికి హక్కు, 50 మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ పనిచేసే చోట పిల్లల గది ఉండాలి. జిన్నింగ్ మిల్లుల్లో, ప్రైవేటు బడుల్లో దీన్ని అడగొచ్చు. పత్తి చేలో ఆ చట్టం పట్టుకుని ఎవరినడుగుతాం? అక్కడ మేస్త్రీతో తేల్చుకోవాల్సింది వేరే. మందు కొట్టిన చేలో పత్తి ఏరిన చేతులు, మందు అంటిన పైబట్ట, వాటితోనే బిడ్డను ఎత్తుకోవాల్సి వస్తుంది. ట్రాక్టర్‌లో కూలీలతో పాటు ఒక క్యాను నీళ్లు, ఒక సబ్బు బిళ్ల, జోలె కట్టడానికి చెట్టు లేకపోతే ట్రాలీ కింద నీడ. పాలివ్వడానికి కూర్చున్న పావుగంటకు కూలి కోయొద్దని ముందు రోజే, బేరం కుదిరేటప్పుడే చెప్పించుకోవాలి; చేలోకి దిగాక అడిగితే ‘గిదేం కొత్త’ అంటారు.