ఏడో నెల పిల్లవాడు

మా చిన్నవాడు 29 వారాలకే పుట్టాడు. అప్పుడు వాడి బరువు 1,150 గ్రాములు. ఏడు వారాలు పెట్టెలో ఉంచి ఇంటికి పంపిన నాటి నుంచి, వాడు ఏది ఆలస్యంగా చేసినా చుట్టాలందరి నోటా ఒకటే సమాధానం: "ఏడో నెల పిల్లవాడు కదమ్మా, అన్నీ నిదానంగానే వస్తాయి." మొదట్లో నాకెంతో ధైర్యమిచ్చిన ఆ మాటే తరువాత, వాడి ఆటిజాన్ని (నలుగురితో కలవడంలో, మాటల్లో తేడా కనిపించే ఎదుగుదల సమస్యను) గుర్తించడంలో మాకు ఏడాదికి పైగా కాలాన్ని పోగొట్టింది.

ఆ మాటకు ఆధారం లేకపోలేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎదుగుదలను చూసేటప్పుడు వైద్యులు కాన్పు కావలసిన తేదీ నుంచి వయసు లెక్కిస్తారు. 40 వారాల్లోంచి 29 తీసేస్తే 11. అంటే ఏడాది నిండిన మా వాణ్ణి తొమ్మిదిన్నర నెలల బిడ్డగా చూడాలి. అయితే ఈ తీసివేత సాధారణంగా రెండేళ్ల వరకే. మేము మూడేళ్లు నిండినా తీసేస్తూనే ఉన్నాం. పదకొండు వారాల వెనుకబాటుకు చెప్పవలసిన కారణాన్ని ఏడాది వెనుకబాటుకూ చెప్పుకున్నాం.

రెండేళ్లప్పుడు వాడు పాలు కావాలంటే వేలు చూపేవాడు కాదు. నా ముఖం వైపు చూడకుండానే నా ముంజేయి పట్టుకుని, పొయ్యి దగ్గర అట్లకాడ అందుకున్నంత మామూలుగా, దాన్ని తీసుకెళ్లి ఫ్రిజ్ తలుపు మీద పెట్టేవాడు. స్టీలు మూతను నేల మీద తిప్పి, చెవి నేలకు ఆనించి, ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా వినేవాడు; ఆ సమయంలో వాడి అన్న ఎన్నిసార్లు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూసేవాడు కాదు. మా అత్తయ్యగారు మాటలు రావాలని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాశారు. ప్రేమతో చేసిన పని, ఆమెను తప్పుపట్టను. కానీ మేము చూపించుకునే వైద్యుడు కూడా బరువు పట్టీ చూసి "ఆగుదాం" అన్నప్పుడు నేను మారు ప్రశ్న వేయకపోవడం నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

స్వీడన్‌లో 1973 నుంచి 2013 వరకు జరిగిన 40 లక్షలకు పైగా జననాలను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 22–27 వారాల మధ్య పుట్టిన వారిలో 6.1 శాతం మందికి, 28–33 వారాల వారిలో 2.6 శాతం మందికి ఆటిజం నిర్ధారణ అయింది. నెలలు నిండి పుట్టిన వారిలో అది 1.4 శాతం. మా వాడి కోవకు చెందిన నూరుగురిలో 97 మందికి అది రాలేదన్నది ఎంత నిజమో, ముప్పు దాదాపు రెట్టింపన్నదీ అంతే నిజం. కాబట్టి నెలలు తక్కువ కావడం ఇంకా జాగ్రత్తగా చూడడానికి కారణం కావాలి. మాకేమో అది చూడకుండా ఉండడానికి సాకైంది.

చివరికి వాడి మూడేళ్ల నాలుగో నెలలో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థకు తీసుకెళ్లాం. అక్కడి నిపుణురాలు నేల మీద కూర్చుని సబ్బు బుడగలు ఊది, హఠాత్తుగా ఆపేసి ఎదురుచూశారు. ఇంకా కావాలని వాడు ఆమె ముఖంలోకి చూస్తాడేమోనని. వాడు సీసానే చూశాడు, మూతనే లాగాడు. వినికిడి, చూపు పరీక్షలు కూడా చేయించమన్నారు. ఇలా పుట్టిన పిల్లల్లో ఆ లోపాలు ఉండవచ్చనీ, వాటివల్ల తల్లిదండ్రులను అడిగి నింపే తొలి ప్రశ్నావళిలో ఆటిజం ఉన్నట్టు పొరపాటుగా తేలవచ్చనీ వివరించారు. మా వాడికి రెండూ బాగానే ఉన్నాయి.

31 వారాలకు కాన్పైన మా ఆడపడుచు ఇటీవల ఫోన్ చేసింది. వాళ్ల పాపకు ఏడాదిన్నర. రెండేళ్ల వరకు వారాలు తీసేసుకో గానీ, ఆటిజం ప్రశ్నావళి ఇప్పుడొకసారి, 24 నెలలప్పుడు మరోసారి అడిగి మరీ పూర్తి చేయించమన్నాను. ఎన్ని మాటలు వచ్చాయన్నది తరువాత, ఏదైనా నచ్చితే వేలు చూపి, నువ్వు కూడా చూశావా అన్నట్టు నీ ముఖం వైపు తిరుగుతోందా అని అడిగాను. కాసేపు మౌనంగా ఉండి, "గమనించలేదు వదినా, ఈ సాయంత్రం చూస్తాను" అంది.